గిజిగాడికి ప్రసంగాలు, సూది తూనీగకు ఏవీ?



మందిరం వెనక కుంట మీదికి వంగిన తాటిచెట్టును, దాని మట్టలకు వేలాడే గిజిగాడి గూళ్లను చూపించి మేము ఎన్ని ప్రసంగాలు చేశామో మీకు తెలుసు. వరి ఆకును సన్నగా చీల్చి తెచ్చి, వందల సార్లు తిరిగి, ముక్కుతోనే ముడులు వేస్తుంది ఆ పిట్ట. కష్టపడండి అని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

పోయిన ఆదివారం సండే స్కూలు పిల్లవాడొకడు తూటికాడ మీద వాలిన పసుపుపచ్చ సూది తూనీగను చూపించి, “అయ్యగారూ, ఇదేం చేస్తుంది?” అన్నాడు. “ఏమీ చెయ్యదురా, ఊరికే ఎగురుతుంది” అనేశాం. తప్పు చెప్పాం.

మన కోరమాండల్ తీరం పేరే దానికి పెట్టారు, 1798లో. అది పాడదు, గూడు కట్టదు. ఆడది నీటి మొక్కల కాడల్లో, ఆకుల్లో గుడ్లు పెడుతూ ఉంటే మగది తోక చివరతో దాని మెడ దగ్గర పట్టుకుని, పని అయ్యేదాకా వదలదు. పిల్ల నీళ్లలోనే పెరుగుతుంది. తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలుంటాయి. దాని తిండిలో దోమ పిల్లలు కూడా ఉంటాయి. అంటే ఆ పని అంతా మన కంటికి కనబడని చోట జరుగుతోంది.

గిజిగాడి సంగతీ పూర్తిగా చెప్పలేదు, ఒప్పుకుంటున్నాం. మగది గూడు సగం అల్లాక ఆడది వచ్చి చూస్తుంది. నచ్చితేనే మిగతాది పూర్తవుతుంది. ఆ తర్వాత పొదిగే పని ఆడదానిది, మగది ఇంకో గూడు మొదలుపెడుతుంది! మేము మాత్రం ఇన్నాళ్లూ మగదాన్నే మెచ్చుకున్నాం. మన సంఘంలోనూ మైకు పట్టుకున్నవారి పేర్లే చదువుతాం, తెల్లవారుజామునే వచ్చి మందిరం ఊడ్చేవారి పేరు ఎప్పుడు చదివాం?

ఇదంతా ఎందుకంటే, దోమలు ఎక్కువయ్యాయని కుంటను మట్టితో పూడ్చి షెడ్డు వేద్దామంటున్నారు. మా అభిప్రాయం, అది పొరపాటు. దోమలు పెరిగింది మురుగు కాలువను కుంటలోకి వదిలినందుకు. కాలువ మళ్లిద్దాం, ప్లాస్టిక్ తీద్దాం. కుంట పోతే దోమలను తినేది పోతుంది. కింద నీళ్లుంటే పాములకు అందదని అక్కడ గూడు కట్టే పిట్టా పోతుంది. షెడ్డుకు రోడ్డు వైపు స్థలం ఉంది, కాస్త ఇరుకే అయినా.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంటుంది. ట్రాక్టర్లు మాట్లాడకముందే ఒకసారి గట్టు మీదికి రండి. ఎండ వచ్చాక రండి, సూది తూనీగలు అప్పుడే బాగా కనబడతాయి.