పెరటి ముచ్చట్లు: కొబ్బరి పొట్టులో నారు

మార్చి వచ్చిందంటే మన యిళ్ళలో కిటికీల పక్కన ప్లాస్టిక్ ట్రేలు వెలుస్తాయి. దక్షిణ మిషిగన్‌లో మే నెల నడిమి దాకా మంచు భయం తప్పదు కనుక వంగ, మిరప నారు యింట్లోనే పోసి ఎనిమిది, పది వారాలు సాకాలి. ఏప్రిల్లో నారు చచ్చిందా, మళ్ళీ పోసుకునే వ్యవధి లేదు. గుత్తివంకాయ గింజలు పదో పరకో మిగిలిన యింట్లో అయితే ఆ రకమే పోయినట్టు. (గోంగూరకి యింత హడావుడి అక్కర్లేదు. జూన్లో నేల వెచ్చబడ్డాక చల్లినా ఆకు కోతకొస్తుంది.)

దుకాణాల్లో దొరికే కొబ్బరి పొట్టు ఇటుకలు మనకి కొత్తేమీ కావు. కోనసీమలో పీచు తీసే మిల్లుల దగ్గర కుప్పలుగా పడివుండే పొట్టే అది. 650 గ్రాముల ఇటుక నాలుగు లీటర్ల గోరువెచ్చని నీళ్ళు తాగి, ఎనిమిది తొమ్మిది లీటర్ల పొట్టవుతుంది. పొడిగా వుండగా చిదమకండి, ఆ ధూళి ఉబ్బసం వున్నవారికి మంచిది కాదు.

పొట్టులో పొటాషియం, సోడియం లవణాలుంటాయి. రెండు మూడుసార్లు కడిగితే విడిగా వున్న ఉప్పు పోతుంది గాని, పొట్టుని అంటుకున్నది పోదు. అది కాల్షియాన్ని తను పట్టుకుని మొక్కకి అందనివ్వదు. కాబట్టి కాల్షియంతో శుద్ధి చేసినదని అట్టమీద రాసివున్న ఇటుకే కొనండి, నాలుగు డబ్బులెక్కువైనా సరే. సాఫ్టెనర్ గుండా వచ్చే నీళ్ళలో సోడియం చేరుతుంది, అవి పోయవద్దు.

అసలు చిక్కు నీటి దగ్గర. కొబ్బరి పొట్టు పైన లేతరంగుకి తిరిగి ఎండినట్టే కనబడుతుంది, లోపల మాత్రం తడి నిండా వుంటుంది. అది చూసి యింట్లో తలా ఒకరు తలా ఒక గ్లాసు పోస్తారు. రెండు రోజుల్లో నారుకుళ్ళు తెగులు. కాండం మొదట్లో సన్నబడి, నిలువునా వాలిపోతుంది. వాలిన మొక్కకి మందు లేదు. ఒంట్లో నీరు చేరే గుండెజబ్బు రోగిని రోజూ తూకం చూసుకోమంటాం. ట్రేకీ అదే పద్ధతి. నీళ్ళు పోసి, కారిపోయాక ఒకసారి ఎత్తి బరువు చేతికి గుర్తు పెట్టుకోండి. బాగా తేలికైతేనే మళ్ళీ నీళ్ళు, అవీ కింది పళ్ళెంలో పోసి, అరగంటకి మిగిలినవి పారబోయండి. పోసే మనిషి మాత్రం యింటికి ఒక్కరే వుండాలి.

మొలకెత్తడానికి 75 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి. మార్చి రాత్రి కిటికీ అంచున అది దొరకదు. ట్రే కింద హీటింగ్ మాట్ వేసి, మొలవగానే దీపం దగ్గరికి మార్చండి.

పొట్టులో ఆహారం దాదాపు సున్న. మొదటి జత ఆకులు గింజలోని తిండితో బతుకుతాయి. అసలు ఆకులు వచ్చాక ద్రవపు ఎరువు, రాసిన మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టండి. అందులో కాల్షియం వుందో లేదో చూడండి, చాలావాటిలో వుండదు. లేత ఆకులు పాలిపోతే అందరూ ముందు నీళ్ళ డబ్బా అందుకుంటారు. అప్పుడు అడగవలసింది, ఎరువు వేసి ఎన్నాళ్ళయిందని.

రాత్రిళ్ళు 50 డిగ్రీలకి దిగడం మానేదాకా నారు బయట నాటవద్దు. నాటేముందు వారం, పది రోజులు పగలు నీడన పెట్టి అలవాటు చేయండి. దొండ తీగ సంగతి వచ్చే నెల.