ఢిల్లీ గేటు దగ్గర కోత, తోటలో భారం

కాలుష్యం పేరుతో ఢిల్లీలో బయటి రిజిస్ట్రేషన్ బండ్లపై ఆంక్షలు బిగిస్తున్నారు. బి.ఎస్.-3, అంతకన్నా పాత సరుకు వాహనాలకు 2025 నవంబరు 1 నుంచి ప్రవేశం లేదు. డిసెంబరులో బి.ఎస్.-6 కాని బయటి కార్లనూ ఆపారు. కార్ల గొడవ అందరికీ తెలిసింది. మనకు తగిలేది మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఢిల్లీలోకి వచ్చే సరుకు లారీలపై సుప్రీంకోర్టు 2015లో పర్యావరణ పరిహార రుసుము విధించింది. ఆహార పదార్థాల వంటి నిత్యావసరాలు తెచ్చే బండ్లను అప్పుడు మినహాయించింది. 2025లో ఆ మినహాయింపు ఎత్తేసింది. ఏ లారీలో ఏముందో గేటు దగ్గర ఆపి చూడటం కష్టమట! తనిఖీ చేయలేకపోతే ఆ ఖర్చు రైతు మోయాలా?

మన బత్తాయి, మామిడి ఆజాద్‌పూర్ మండీకి పోతాయి. లారీ యజమాని రుసుమును కిరాయిలో కలుపుతాడు. వ్యాపారి ఆ మేరకు తోట దగ్గరే ధర తగ్గిస్తాడు. కాయ పండాక ఆగదు. బేరమాడే బలం మనకెక్కడిది?

ఢిల్లీ జనం మంచి గాలి పీల్చాలనే మేమూ కోరుతున్నాం. అందుకే అడుగుతున్నాం: 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు వేశారు కదా, అలాంటి రైళ్లను రాయితీ కిరాయితో సీజనంతా నడపండి. లారీ పొగా తగ్గుతుంది, గేటు రుసుమూ ఉండదు. అప్పటిదాకా పండ్లు, కూరగాయల లారీలకు పాత మినహాయింపు తిరిగి ఇవ్వాలి.

ఈ సీజను తక్‌పట్టీల్లో కిరాయి కింద ఎంత కోశారో సభ్యులు చూసుకోవాలి. నకళ్లు మండల కమిటీలకు అందజేయండి, వినతిపత్రానికి జతచేస్తాం.