ఆనవాళ్ల సంచి

పదియవ తరగతి పరీక్షకు విద్యార్థుల పట్టిక పంపునప్పుడు ప్రతి బాలునకును రెండేసి పుట్టుమచ్చలు వ్రాయుట మన పాఠశాలలందు చిరకాలముగ జరుగుచున్న పని. కుడిచేతిమీద మచ్చ, ఎడమ చెక్కిలిపై మచ్చ, ఇట్లు కాగితము నిండును. ఆ మచ్చలను కన్నులార చూచి వ్రాసినవారెందరో, బాలుడు చెప్పినదే వ్రాసికొన్నవారెందరో మేము విచారింపబోము. ఉపాధ్యాయుల కది తెలిసిన సంగతియే. మే మడుగునది వేఱొకటి. పరీక్షాపత్రమునకై ఇంత శ్రద్ధ చూపు మనము, ఆ బాలుడే యొకనాడు సంతలోనో రైలుస్టేషనులోనో తప్పిపోయినచో చూపుటకు ఇంటిలో ఏ కాగితమును సిద్ధముగ నుంచుకొన్నాము?

అమెరికాలో 1997వ సంవత్సరమున అచ్చటి ఫుట్‌బాలు శిక్షకుల సంఘమువారి పూనికతో పిల్లల గుర్తింపు సంచుల నిచ్చు కార్యక్రమ మొకటి మొదలయ్యెను. సిరా యక్కఱలేని వ్రేలిముద్రల కాగితము, దేహలక్షణములు వ్రాయు పట్టిక మొదలగునవి యందుండును. తలిదండ్రులు దానిని నింపి తమ యింటనే దాచుకొందురు; అవసరము పడిననాడు మాత్రమే పోలీసుల కిత్తురు. ఈ కడపటి నియమము మాకు మిక్కిలి నచ్చినది. తక్కినదంతయు మన కట్లే కావలయునని మే మనము. వ్రేలిముద్రల విద్య మనకు క్రొత్త కాదు. 1897లోనే కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. అందు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మన దేశీయులు చేసిన పని లోకమున కంతకును ఉపకరించినది. ఇప్పుడు ఆధారు కలదు. దానివలన ఇల్లు చేరిన పిల్లలును కలరు. అయితే అయిదేండ్లలోపు శిశువుల వ్రేలిముద్రల నందు తీసికొనరు; అయిదవ యేటను పదునైదవ యేటను మరల పోయి ఇయ్యవలయును. ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొన్న తలిదండ్రులు తక్కువయే యని మా తలంపు. ఎట్లైనను వ్రేలిముద్ర యంత్రమునకు పనికివచ్చునది. జాతరలో బిడ్డను వెదకువారికి ముందు కావలసినవి నాలుగు మాటలు, ఒక మంచి ఫోటో.

ఏ మాటలు? మొదటిది పేరు. ఇది సులభముగ తోచును గాని కాదు. మన యిండ్లలో బిడ్డకు బాప్తిస్మపు పేరొకటి, బడిపేరొకటి, ఆధారులో అక్షరదోషముతో మఱియొకటి, ఇంటిల్లిపాదియు పిలుచు బుజ్జి, చంటి, చిన్నోడు అను ముద్దుపేరొకటి. నాలుగేండ్ల బిడ్డ ఈ నాలుగవదానికే పలుకును. మైకులో బడిపేరు పదిసారులు పిలిచినను తల యెత్తడు. తండ్రిపేరేమన్న "నాన్న" యనును. ఊరేదన్న "మా ఊరు" అనును.

మధ్యప్రదేశములోని ఖండ్వాకు చెందిన శేరూ అను బాలుడు 1986లో, అయిదేండ్ల ప్రాయమున, బుర్హాన్‌పురములో రైలెక్కి నిద్రపోయి కలకత్తా చేరెను. తన పేరు "సరూ" యనియు, తన పేట "గినెస్ట్‌లే" యనియు చెప్పెను. అది గణేశ్ తలాయి యని పోల్చగలవా రచ్చట లేకపోయిరి. ఆస్ట్రేలియా దంపతు లతనిని పెంచుకొనిరి. పెద్దవాడైన పిమ్మట ఆకాశమునుండి తీసిన పటములను కంప్యూటరులో వెదకి వెదకి తన యూరు తానే గుర్తుపట్టి, 2012లో తల్లిని కలిసికొనెను. ఆమె ఆ పట్టణమును విడువక యుండెను. లోకము దీని నద్భుతమని చెప్పుకొన్నది, సినిమాయు వచ్చినది. మాకు మాత్రము ఆ యద్భుతముకంటె నడుమ గడచిన ఇరువదియైదేండ్లే యెక్కువగ కనబడుచున్నవి. కూలికిపోయి బిడ్డలను సాకిన ఆ తల్లిని మేము తప్పుపట్టము. బడి, పుస్తకము, పలక గల మన పిల్లలకైనను ఊరిపేరు, మండలము పేరు, తల్లిదండ్రుల పూర్తిపేర్లు, ఒక ఫోను నంబరు ఒకటవ తరగతిలోనే కంఠస్థము కావలదా? ఎక్కము లప్పగించుటకు ముందు ఇది యప్పగింపవలయును.

తప్పిపోవుట అశ్రద్ధగల యిండ్లలోనే జరుగునని తలచుట పొరపాటు. పండ్రెండేండ్ల యేసు యెరూషలేములో నిలిచిపోగా, మరియ యోసేపులు ఆయన గుంపులోనే యున్నాడనుకొని ఒక దినప్రయాణము సాగిపోయిరని లూకా వ్రాసినాడు. మూడు దినములకు గాని దొరకలేదు. వారికంటె జాగ్రత్తగల తలిదండ్రులు మనలో నెవరు? "పిన్నితో నున్నాడనుకొంటిమి", "తాతతో పోయినాడనుకొంటిమి" అని గుణదల యుత్సవములో గాని, క్రిస్మసునాడు మెదకు దేవాలయమున గాని, మేడారము జాతరలో గాని మైకు చెంతకు పరుగెత్తివచ్చువారు చెప్పుట సహజమే. ప్రయాగ మేళాలో 1946లో రాజారాం తివారీ అను నాయన తప్పిపోయినవారిని కలుపుటకే యొక శిబిరము నెలకొల్పి జీవితమంతయు దానికే వెచ్చించెను. అట్టి తావులకు బయలుదేరు నుదయమున, తొడిగిన బట్టలతోనే బిడ్డకును ముసలివారికిని ఒక్కొక్క ఫోటో తీసికొనుడు. వెదకునప్పుడు చొక్కా రంగే చప్పున జ్ఞప్తికి రాదు.

ముసలివారి సంగతి వేఱు. మతిమరుపు వ్యాధి గలవారు పలుమారు ఏనాటిదో యింటికి, ఏనాడో పనిచేసిన చోటికి బయలుదేరుదురు. అందుచేత వారి సంచిలో నేటి చిరునామా చాలదు. పుట్టినయూరు, కాపురమున్న యూళ్లు, కొలువుచేసిన తావులు వ్రాయవలయును. అమ్మమ్మను పేరడిగినచో పుట్టింటి యింటిపేరే చెప్పవచ్చును, అదియు నుండవలయును. వాడు మందులు, చెవుడు, పెట్టుడుపండ్లు, కాలి వంకర, ఇవి సిగ్గుపడదగినవి కావు, ఆనవాళ్లు.

"శుభమా యని యుండగా ఈ యపశకునమేల?" యని కొందరందురు. హిందూ సోదరులు తథాస్తు దేవతలు విందురని వెఱతురు. మన క్రైస్తవ గృహములలోను ఆ వెఱపు వేఱు వేషమున నున్నది, ప్రార్థన చాలును కాగిత మేల యని. గొడుగు పట్టినందున వాన వచ్చినదని యెవ్వరును చెప్పరు గదా. ఇంతకంటె ఆలోచింపదగిన యాక్షేపణ యొకటి కలదు. ఈ వివరములు దుష్టుల చేతబడినచో? అందుకే మేము చెప్పునది: బిడ్డ పేరు బడిసంచి పైన పెద్దయక్షరములతో వ్రాయకుడు, పేరుపెట్టి పిలిచిన పరాయివాడు బిడ్డకు చుట్టమువలె తోచును. లోపల వ్రాయుడు. ఫోనులో నలుగురికి పంపకుడు. పాఠశాలయు వీనిని పోగుచేయరాదు. మా పెద్దల కీమాట రుచింపకపోవచ్చును గాని, అలమారలో నైదువందల పిల్లల యానవాళ్లు పేర్చియుంచుట మాకు సమ్మతము కాదు. వసతిగృహమున నున్న పిల్లలకు మాత్రము అతికించిన కవరులో రెండవ ప్రతి వార్డెను వద్ద నుండవచ్చును.

బిడ్డ కనబడనప్పుడు ఒక దినమాగి పోలీసులవద్దకు పోవలెనను మాట ఎవరు పుట్టించిరో గాని మహాపకారి. పిల్లలు తప్పిపోయినారన్న ప్రతి ఫిర్యాదును కేసుగ నమోదు చేయవలయునని సుప్రీంకోర్టు 2013లోనే ఆజ్ఞాపించినది. 112కు గాని, పిల్లలకైన 1098కు గాని వెంటనే ఫోను చేయవలయును. వృద్ధుల సహాయమునకు 14567 కలదు. దిక్కుతోచక తిరుగు బిడ్డ మనకు కనబడినచో జాలిపడి ఇంటికి తీసికొనిపోవుట మేలు కాదు; ఆ బిడ్డను ఇరువదినాలుగు గంటలలో బాలల సంక్షేమ సమితి యెదుట నుంచవలయునని 2015 నాటి చట్టము.

ఈ సంచి యన్నిటికిని మందు కాదని యొప్పుకొనక తప్పదు. మార్కులు తగ్గినవని బెదరి, ఇంటిలో తన్నులు తిని, తానై గడపదాటు పదునాలుగేండ్ల బాలుని పుట్టుమచ్చ యాపలేదు. ఫలితములు వచ్చునాటి రాత్రి తండ్రి పలుకు మాట యాపగలదు. ఆ సంగతి తండ్రులే యెఱుగుదురు.

కావలసినది ఒక కవరు, రెండు తెల్లకాగితములు, ముఖము నేరుగ కనబడు ఫోటో. వ్యయము స్వల్పము. పిల్లల ఫోటో ప్రతి జూనునను, బడి తెరచువారమున మార్చుడు. రెండేండ్లనాటి పండుగఫోటో చూపి యెదిగిన బిడ్డను వెదకలేరు. విద్యార్థులారా, మొదటి కవరు మీ తాతగారికో అమ్మమ్మగారికో కట్టుడు. తాము కాపురమున్న యూళ్లన్నియు వారు స్వయముగ చెప్పగలిగిన దినములలోనే వారి సరసను కూర్చుండి వ్రాసికొనుడు.