వడగాలికి లెక్క చెప్పేదెవరు?

న్యూఢిల్లీ: రాజధానిలో వేసవి రాకను పంచాంగం కంటె ముందు గాలి తెలియజేస్తుంది. హోలీ వెళ్లిన కొద్ది వారాలకే పడమటి దిక్కున థార్ ఎడారి మీదుగా పొడిగాలి వీచనారంభిస్తుంది. ఇక్కడివారు దానిని 'లూ' అంటారు. మనం వడగాలి అంటాము. మంత్రిత్వశాఖల కార్యాలయాలలో కిటికీలు మూతపడతాయి, శీతల యంత్రాలు పని మొదలుపెడతాయి. అంతటితో ఆ గాలి సంగతి ఏలినవారికి జ్ఞాపకం ఉండదు. కాని గాలి ఢిల్లీతో ఆగిపోదు. గంగా మైదానాన్ని దాటి ఛోటా నాగపూర్ పీఠభూమి మీదికి పోతుంది. వాయవ్యపు పొడిగాలులు బలంగా వీచిన సంవత్సరాలలో మన కోస్తా జిల్లాలను సైతం కాల్చివేస్తుంది.

ఆ గాలి తాకిడికి లోనయ్యే ఊళ్లలో జంషెడ్‌పూర్ ఒకటి. 2024 మే 25న అక్కడ లోక్‌సభ పోలింగు జరిగింది. ఎన్నికల వార్తల నిమిత్తం అంతకు ముందు కొద్ది రోజులు నేను ఆ నగరంలో ఉన్నాను. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల నడుమ, దల్మా కొండల నీడలో ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు అది. సాక్చీ అనే పల్లెకు 1919లో జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుండి రైలెక్కి పనికోసం వెళ్లిన తెలుగువారి సంతతి అక్కడ ఇప్పటికీ గణనీయంగా ఉన్నది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి సాక్ష్యం.

అక్కడ ఒక విశ్రాంత కార్మికునితో ప్రసంగవశాత్తు ఎండల మాట వచ్చింది. ఆయన స్వస్థలం శ్రీకాకుళం జిల్లా. యవ్వనమంతా కొలిమి ముందు గడిపిన మనిషి. కొలిమి వేడికి తాము ఎన్నడూ భయపడలేదని, దానికి ఒక వేళ, ఒక విరామం, త్రాగడానికి ఉప్పు కలిపిన నీరు ఉండేవని ఆయన చెప్పాడు. ఇప్పుడు తన మనుమడు కాంట్రాక్టరు క్రింద భవన నిర్మాణంలో పనిచేస్తున్నాడనీ, ఆ పనికి ఇవేవీ లేవనీ అన్నాడు. రాజకీయ నాయకుల ఉపన్యాసాలన్నిటికంటె ఆ మాట నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది.

ఆలోచించి చూస్తే ఈ తేడా ఆ ఒక్క కుటుంబానికి పరిమితమైనది కాదు. ఎనిమిది గంటల పనిదినాన్ని జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం 1912లోనే ప్రవేశపెట్టింది. దేశానికంతటికీ అది చట్టమైనది 1948లో. ఆ ఏటి ఫ్యాక్టరీల చట్టం 13వ విభాగం కర్మాగారాలలో గాలి, ఉష్ణోగ్రత కార్మికునికి సహించదగిన రీతిలో ఉండాలని నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలో ఆ చట్టం కలిసిపోయింది. గేటు లోపలి వేడికి అట్లా శతాబ్ది చరిత్ర, చట్టం, తనిఖీ అధికారి ఏర్పడ్డాయి. గేటు వెలుపల ఇటుకలు మోసేవానికి, రిక్షా తొక్కేవానికి, కూరగాయల బండి త్రోసే ఆడమనిషికి ఎండే యజమాని. ఆ యజమానిపై ఫిర్యాదు చేయడానికి కార్యాలయమంటూ లేదు.

ఇక ఢిల్లీ సంగతికి వస్తాను. విపత్తు సంభవించినప్పుడు రాష్ట్రాలు ఖర్చు చేయడానికి సహాయనిధి ఒకటి ఉన్నది. అందులో నుండి దేనికి ఖర్చు చేయవచ్చునో కేంద్రం జాబితా వేసింది. తుపాను, అనావృష్టి, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగండ్లు, కొండచరియలు, హిమపాతం, కుంభవృష్టి, చీడల దాడి అందులో ఉన్నాయి. 2012లో చలిగాలిని, మంచును కూడా చేర్చారు. వడగాలిని చేర్చలేదు. చేర్చవలసిందని రాష్ట్రాలు కోరగా, 2021-26 కాలానికి సిఫారసులు చేసిన 15వ ఆర్థిక సంఘం, ఉన్న జాబితా చాలావరకు సరిపోతున్నదనీ, దానిని విస్తరింపవలసిన అవసరం కనబడలేదనీ అభిప్రాయపడింది. కావలసిన రాష్ట్రాలు వడగాలిని స్థానిక విపత్తుగా ప్రకటించుకొని నిధిలో పదిశాతం వరకు వాడుకోవచ్చునన్న వెసులుబాటు మాత్రం మిగిలింది. చలికి వణికేది ఉత్తరాది, అందునా రాజధాని. కనుక చలి జాతీయ విపత్తు అయినదని ఎవరైనా వ్యంగ్యంగా అంటే కాదనడానికి నా వద్ద జవాబు లేదు.

ఆ వెసులుబాటును వినియోగించుకున్న రాష్ట్రాలు లేకపోలేదు. 1998లో ఒక్క వేసవిలో 2,042 మందిని పోగొట్టుకున్న ఒడిశా అందరికంటె ముందు మేల్కొన్నది. 2015లో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వేయిన్నర మందికి పైగా వడదెబ్బకు బలి అయిన విషాదం పాఠకులు మరచి ఉండరు. ఆ తరువాత పదేండ్లకు, 2025 ఏప్రిల్‌లో, తెలంగాణ ప్రభుత్వం వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సహాయం నిర్ణయించింది. స్వాగతింపదగిన చర్యయే. కాని సరిహద్దుకు ఇవతల మరణించిన కూలీకి ఒక విలువ, అవతల మరణించిన కూలీకి మరొక విలువ కట్టే పద్ధతిని ఎంతకాలం సమర్థించగలం?

ఆర్థిక సంఘాలు మారుతూంటాయి, జాబితాలు దిద్దుకుంటూ ఉంటాయి. అయితే జాబితాకు ఎక్కినంత మాత్రాన చిక్కు తీరదు. అసలు చిక్కు లెక్కలో ఉన్నది. వరదలో కొట్టుకుపోయినవాడు వరదకు చనిపోయినట్లు అందరికీ తెలుస్తుంది. ఎండలో పనిచేసి ఇంటికి వచ్చి రాత్రి ప్రాణం వదిలినవాడు కాగితం మీద గుండె ఆగి చనిపోతాడు. 2024 మార్చి 1 నుండి జూన్ 18 వరకు దేశంలో 40 వేలకు పైగా అనుమానిత వడదెబ్బ కేసులు, 110 నిర్ధారిత మరణాలు నమోదైనట్లు కేంద్ర ఆరోగ్యశాఖ లెక్క. అదే ఏడు జూన్ 1న, చివరి విడత పోలింగునాడు, ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 33 మంది ఎన్నికల సిబ్బంది ఎండల కారణంగా మరణించారని ఆ రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెల్లడించారు. ప్రభుత్వ విధులలో ఉన్నవారు కాబట్టి ఆ 33 మంది కంటికి కనబడ్డారు. ఏ విధుల పట్టీలోనూ పేరులేని వారిని ఎవరు లెక్కించారు?

ఎండ వెంట నిప్పు కూడా వస్తుంది. జంషెడ్‌పూర్‌కు ఆనుకుని ఉన్న దల్మా అభయారణ్యంలో ఫాల్గుణ మాసానికి ఆకురాలుతుంది. నేల మీద ఎండుటాకు మోకాటి దాకా పేరుకుంటుంది. అప్పుడే ఇప్పపూలు రాలే కాలం. పూలు ఏరుకోవడానికి చెట్టు క్రింది ఆకులను తగులబెట్టడం అక్కడి ఆదివాసులకు అలవాటు. మన ఆదిలాబాద్ అడవులు ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. తెల్లవారుజామున పెట్టిన నిప్పు చిన్నదే. మధ్యాహ్నం పడమటి గాలి లేచినప్పుడు అది వాలు వెంబడి ఎగబ్రాకుతుంది. ఏనుగులు చెదరి పల్లెల మీద పడతాయి. ఉపగ్రహం నిప్పును పసిగట్టి అటవీశాఖకు కబురంపే ఏర్పాటు భారత అటవీ సర్వేక్షణ సంస్థ చేసింది. కాని కబురు అందుకొని పచ్చి కొమ్మలతో మంటను కొట్టవలసినది దినకూలి కావలివాడే. అతడు నిలబడేదీ అదే ఎండలో. పూలే జీవనాధారమైన వారిపై కేసులు పెట్టడం కంటె, పూలకు ముందే చెట్ల క్రింద ఆకు ఊడ్చడానికి వారికే కూలి ఇవ్వడం చవక, న్యాయం కూడా.

చేయవలసినది అసాధ్యమైనదేమీ కాదు. అహమ్మదాబాద్ నగరం 2010 వేసవిలో దెబ్బతిని, 2013 నాటికే ముందస్తు హెచ్చరికలతో కూడిన ప్రణాళిక సిద్ధం చేసుకున్నది. అటువంటి ప్రణాళికలు నేడు అనేక రాష్ట్రాలకు ఉన్నాయి. వాటిలో ఎండవేళ పని ఆపవలెనని వ్రాసి ఉంటుంది. ఆపిన గంటలకు కూలి ఎవరిస్తారో చాలావాటిలో వ్రాసి ఉండదు. కూలి లేని విశ్రాంతి పస్తుతో సమానమని తెలిసినవాడు నీడకు రాడు. కనుక హెచ్చరిక వెలువడిన దినాన కూలి చెల్లింపునకు చట్టబద్ధమైన పూచీ, వేసవి మరణాలన్నిటినీ నమోదు చేసి మామూలు ఏళ్లతో పోల్చి చూచే పద్ధతి, ఈ రెండూ కేంద్రమే నిర్ణయించవలసినవి. వీటికి కొత్త మంత్రిత్వశాఖ అక్కరలేదు.

2024 ఎన్నికల అనంతరం, ఇంత ఎండలో పోలింగు జరిపి ఉండవలసింది కాదని ప్రధాన ఎన్నికల కమిషనరే ఒప్పుకున్నారు. ఓటు అడగడానికి ఎండ ఎక్కువని నాయకులకు తెలిసివచ్చింది, సంతోషం. జంషెడ్‌పూర్‌లోని ఆ పెద్దాయన మనుమడు అదే ఎండలో ఆ మరునాడు, అటు మరునాడు కూడా ఇటుకలు మోస్తూనే ఉన్నాడు. ఈ వేసవిలోనూ పడమటి గాలి లేచినప్పుడు అతని సంగతి అడిగే సభ్యుడు పార్లమెంటులో ఒక్కడైనా ఉన్నాడా అని నేను ఎదురుచూస్తున్నాను.