మెడలో పలక, ఇంట్లో మౌనం

"భాష పోతే జాతి పోతుంది" అన్న మాట వినని సభ మన దేశంలో ఉండదు. చప్పట్లు కొడతాం, ఇళ్లకు పోతాం. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవాలంటే, మిత్రులారా, జపానుకు దక్షిణాన సముద్రంలో ఉన్న ఒకినావా దీవుల వారి కథ తెలుసుకోవాలి. దేశాలు పట్టిపోయిన ఆ జనం భాషను చాలావరకు పోగొట్టుకున్నారు. జాతి మాత్రం పోలేదు! మరి పోయిందేమిటి?

ఒకినావా ఒకప్పుడు సొంత రాజు గల ర్యూక్యూ రాజ్యం. 1879లో జపాను దాన్ని తనలో కలుపుకుంది. వారి భాష ఉచినాగుచి. అది జపాను భాషకు చెల్లెలే గాని కూతురు కాదు. టోక్యో వాడికి వింటే అర్థం కాదు. అయినా దానికి "మాండలికం" అని పేరు పెట్టారు. బడిలో ఆ భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కపలక వేలాడదీసేవారు. అది దిగాలంటే మరొకడు అదే "నేరం" చేస్తుండగా పట్టుకోవాలి. స్నేహితుడి మీద స్నేహితుణ్ణే కాపలా పెట్టారన్నమాట!

1900 జనవరిలో ఒకినావా నుంచి తొలి 26 మంది హవాయి చెరుకు తోటల్లో కూలికి చేరారు. తోయామా క్యూజో అనే ఆయన వారిని పంపించాడు. 1908లో కసాతో మారు అనే ఓడలో 781 మంది బ్రెజిల్ కాఫీ తోటలకు వెళితే, వారిలో 325 మంది ఒకినావా వారే. తోట దొరల లెక్కలో వారంతా జపాను వాళ్లు. జపాను ప్రధాన భూభాగం నుంచి వచ్చిన తోటి కూలీల లెక్కలో మాత్రం తక్కువవాళ్లు. ఆడవారి చేతులపై పచ్చబొట్లు చూసి నవ్వారు, పందుల పెంపకం చూసి నవ్వారు, మాట విని నవ్వారు. "మన పిల్లలకు ఈ అవమానం వద్దు" అనుకున్నారు తల్లిదండ్రులు. వలస సంఘాల బడిలో జపాను భాష, బయట ఇంగ్లీషో పోర్చుగీసో. ఇక అమ్మమ్మ మాటకు చోటెక్కడ? ఒక పెద్ద భాష కింద నలిగిన చిన్న భాష, సముద్రం దాటాక రెండు పెద్ద భాషల మధ్య నలిగింది.

అయినా ఆ జాతి చెదరలేదు. 1945 యుద్ధంలో ఒకినావా బూడిదైంది. 1948లో హవాయిలోని ఒకినావా వారు చందాలు పోగుచేసి 550 పందులను కొని ఓడలో స్వస్థలానికి పంపారు. ఏ పంది పేరుతో వారిని ఎగతాళి చేశారో, ఆ పందితోనే సోదరుల ఆకలి తీర్చే ప్రయత్నం చేశారు! 1990 నుంచి ప్రపంచ ఉచినాంచు ఉత్సవం జరుగుతోంది. ఏడోది 2022లో జరిగింది. ఎన్నో దేశాల నుంచి నాలుగో తరం వారు కూడా వచ్చి సాన్షిన్ వాద్యం వాయిస్తారు, చేతులెత్తి కచాషీ ఆడతారు.

"అయితే ఇంకేం, భాష లేకపోయినా గడుస్తుందిగా?" అని ఎవరైనా అడగవచ్చు. గడుస్తుంది. కాని ఒక్కసారి ఊహించండి. ఒకే ముత్తవ్వ మునిమనుమలు ముగ్గురు ఆ ఉత్సవంలో కలుసుకుంటారు. నాహా వాడికి జపాను భాష, హవాయి వాడికి ఇంగ్లీషు, సావో పావులో వాడికి పోర్చుగీసు. కలిసి ఆడగలరు, కలిసి తినగలరు. మాట్లాడుకోవాలంటే మధ్యలో దుబాసీ కావాలి! పాట నోటికి వస్తుంది, పాటలోని ఎత్తిపొడుపు మనసుకు అందదు. పోయింది జాతి కాదు, ముత్తవ్వతో సంభాషణ.

2009లో యునెస్కో ఆ దీవుల భాషలు ఆరింటిని అంతరించే ప్రమాదంలో ఉన్నవిగా గుర్తించింది. అంతకుముందే, 2006లో, ఒకినావా ప్రభుత్వం సెప్టెంబరు 18ని దీవుల భాషా దినంగా నిర్ణయించింది. హవాయి విశ్వవిద్యాలయంలో 2008లో ఒకినావా అధ్యయన కేంద్రం వెలిసింది. మంచిదే. అయితే తాతలు ఉచితంగా ఇవ్వగలిగినదాన్ని మనుమలు తరగతి గదుల్లో కష్టపడి సంపాదించుకోవలసి వస్తోంది.

ఇదంతా పరాయి గొడవ అనుకోకండి. సరిగ్గా ఆ 2009లోనే, మన కడప జిల్లా మైదుకూరులో, తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో ఇక తెలుగు మాట్లాడబోమనే పలకలు వేశారు. ఇక్కడ ఆ పలక కట్టించింది ఏ పరాయి రాజ్యమూ కాదు. పలక కట్టినవారూ మనవారే! 2011 జనగణన ప్రకారం తెలుగువారు 8 కోట్ల పైచిలుకు. కాబట్టి రేపే కొంప మునగదు. కాని భాష ఆరిపోయేది జనాభా లెక్కల్లో కాదు, ఒక్కొక్క ఇంట్లో. పిల్లల మేలు కోరే తల్లిదండ్రుల నోటనే అది ఆగిపోతుంది. ఒకినావా చెప్పే చేదు నిజం ఇదే.

ఇంగ్లీషు నేర్వవద్దని ఎవరూ అనరు. బతుకుతెరువుకు ఎన్ని భాషలైనా నేర్చుకుందాం. కాని ఉగాది కవిసమ్మేళనంతో భాషకు రుణం తీరిపోయిందనుకోవద్దు. పండుగ ఏడాదికొకసారి వస్తుంది. భాషకు మాత్రం పూటపూటా తిండి పెట్టాలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తమ్ముడితో, చెల్లెలితో, అన్న పిల్లలతో తెలుగులో మాట్లాడండి. మెడలో పలకను ఒక ప్రభుత్వ ఉత్తర్వు తీసివేయగలదు. ఇంట్లో మౌనాన్ని తీయవలసింది మనమే.