సూత్రాలు నోటికొచ్చాయి, లెక్క చేతికి రాలేదు

ఫిజిక్సు పరీక్ష ముందురోజు రాత్రి మన హాస్టలు వరండాలో ప్రతి ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. నలుగురైదుగురు అటూ ఇటూ తిరుగుతూ సూత్రాలు వల్లిస్తుంటారు. అర్థం తెలియకుండా మంత్రం చదివినట్టే. నేనూ ఆ గుంపులోని వాడినే. మెకానిక్సులో మంచి మార్కులే తెచ్చుకున్నాను. అవెంత బోలు మార్కులో మా నాయన అడిగిన ఒక్క ప్రశ్నతో తేలిపోయింది.

మాకు నాలుగెకరాల చేను, ఒక బోరు, అయిదు హెచ్.పి. మోటారు ఉన్నాయి. కిందటి ఎండాకాలం మొదట్లో మా బోరులో నీళ్ళు 200 అడుగుల లోతున ఉన్నాయి. పక్క చేలల్లో అప్పటికే 300కు దిగిపోయాయి. పట్నంలో మోటార్ల అంగడివాడు "అయిదు చాలదు, ఏడున్నర కొను" అన్నాడట. కొనాలంటే అప్పు చేయాలి. "ఏరా, నువ్వు చదివేది ఇవే గదా! నీళ్ళు 300కు పోతే మన మోటారు లాగుతుందా, లాగదా?" అని అడిగాడు నాయన.

నాకు నోట మాట రాలేదు. పుస్తకంలో లెక్కయితే మూడు విలువలు ఇచ్చి నాలుగోది అడుగుతారు. ఆ నాలుగు అక్షరాలూ ఉన్న సూత్రం వెతికి, అంకెలు వేసి, జవాబు కింద గీత గీస్తాం. ఇక్కడ ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఏది కొలవాలో కూడా నేనే తేల్చుకోవాలి.

రాత్రి కాగితం తీసుకుని బోరు బొమ్మ గీశాను. పంపు 350 అడుగుల్లో ఉంది గనుక అదే ఎత్తు అనుకున్నాను. నాయన చూసి నవ్వాడు. "పంపు ఎంత లోతున దించితే ఏమిరా, నీళ్ళు ఎక్కడున్నాయో అక్కడి నుంచే గదా మోయాల్సింది!" పైపు బయటి నీరు తన మట్టం దాకా లోపలి నీటిని తానే నిలబెడుతుందన్న సంగతి, ద్రవాల పీడనం పాఠం చదివిన నాకంటే ముందు ఆయనకే తట్టింది.

తర్వాత అంతా తేలికే. లీటరు నీరు కిలో బరువు. 200 అడుగులంటే సుమారు 60 మీటర్లు. అంత ఎత్తుకు తేవడానికి 9.8ని 60తో హెచ్చిస్తే 588 జౌళ్ళు. అయిదు హెచ్.పి. అంటే సెకనుకు 3730 జౌళ్ళు. భాగిస్తే సెకనుకు ఆరు లీటర్ల పైచిలుకు రావాలి. తెల్లవారి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూస్తే 80 సెకన్లకు నిండింది. అంటే రెండున్నర లీటర్లే! మిగిలింది మోటారు వేడికీ, పంపుకూ, పైపులో రాపిడికీ పోతోంది. "ఘర్షణను ఉపేక్షించండి" అని పుస్తకం ఒక్క ముక్కలో తేల్చేసింది ఇదే. ఇదే వాటా 90 మీటర్లకు వేస్తే డ్రమ్ము నిండటానికి రెండు నిమిషాలు పట్టాలి. పంపు ప్లేటు మీద 110 మీటర్ల హెడ్ వరకు అని ఉంది గనుక లాగుతుంది, కాని నీళ్ళు తగ్గుతాయి.

"అట్లయితే మోటారు వద్దు, వరీ వద్దు. శెనక్కాయ పెడదాం" అన్నాడు నాయన. నెల తర్వాత మట్టం 300కు దిగినప్పుడు డ్రమ్ము రెండు నిమిషాల పది సెకన్లకు నిండింది. ఎత్తు మారితే పంపు పనితనమూ మారుతుంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. కాని నాలుగేళ్ళ చదువులో ఏ మార్కూ నాకివ్వని సంతోషం ఆ రోజు కలిగింది.

ఇదంతా గొప్ప కోసం రాయటం లేదు. మనలో తెలివి తక్కువై లెక్కలు రాకపోవటం లేదు, సూత్రంతో మొదలుపెట్టటం వల్ల రావటం లేదు. నియమాలు కొన్నే. ఏది ఎక్కడ చెల్లుతుందో తెలియటమే చదువు. త్వరణం మారుతూ ఉంటే వరండాలో వల్లించిన ఆ సమీకరణాలు చెల్లవని ఎంతమందికి గుర్తుంటుంది? సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి విసిరిన రాయి సుమారు 20 మీటర్లు లేస్తుంది. సెంటీమీటర్లలో వచ్చిన 2041కి మీటర్లని రాసి వచ్చినవాణ్ణి నేనే. తెలుగు నేల మీద అంత ఎత్తు కొండే లేదే అన్న అనుమానం నాకు రాలేదు!

అధ్యాపకుల ఇబ్బందులు నాకు తెలియనివి కావు. సిలబస్ పూర్తికావాలి, తరగతి నిండా జనం. అయినా ఒక మనవి. పరీక్షలో సూత్రాల పట్టిక మీరే ఇవ్వండి. ఏ సూత్రం వాడాలో, ఎందుకు వాడాలో రాయమనండి, దానికి మార్కులు వేయండి. ఏడాదికి ఒక్క లెక్కయినా అంకెలివ్వకుండా ఇవ్వండి. మన హాస్టలు ట్యాంకు ఉంది, దాని మోటారు ఉంది, బకెట్లు ఉన్నాయి. ఇంతకంటే ఏ పరికరాలు కావాలి?

విద్యార్థి మిత్రులకు చెప్పేది ఇంకా చిన్నది. ముందు బొమ్మ గీయండి, చివర జవాబును నమ్మవచ్చునా అని ఒక్కసారి ఆలోచించండి. ఇంటికి వెళ్ళినప్పుడు మీ నాయన కూడా ఏదో ఒకటి అడగకపోడు.

— బి.ఎస్సి. (ఎం.పి.సి.), ఆఖరి సంవత్సరం