దివాణంలో లెక్కల గది

పాత కోటలు, దివాణాలు మ్యూజియంలుగా, హోటళ్లుగా మారుతున్న కాలమిది. మనవైపు పెద్ద ఉదాహరణ హైదరాబాద్ ఫలక్‌నుమా. పైగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసిన ఆ మహల్ తర్వాత ఆరో నిజాం వశమైంది. చాలాకాలం మూతబడి ఉండి, 2010లో తాజ్ హోటల్‌గా తలుపులు తెరిచింది. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఇంకా అక్కడే ఉంది. బస చేసేవారి డబ్బుతో చారిత్రక భవనం నిలబడటం మంచిదే. అయితే ఆ ఇంటి కథ ప్రభువులతోనే ముగిసిపోకూడదు.

ఈ సంగతి తిరుత్తణి వెళ్లే తెలుగువారు తప్పక తలుచుకోవాలి. మురుగన్ కొండకు 365 మెట్లు. డిసెంబర్ 31 రాత్రి భక్తులు మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం వెలిగిస్తూ పైకెక్కుతారు. కొండ దిగి ఊరి పూర్వం వాకబు చేస్తే కార్వేటినగరం పేరు వినిపిస్తుంది. తిరుత్తణి ఒకప్పుడు ఆ జమీందారీలోది. చిత్తూరు జిల్లాలో భాగంగా ఉండి, రాష్ట్రాల సరిహద్దులపై పటాస్కర్ ఇచ్చిన సిఫార్సుల మేరకు 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇప్పుడు తిరువళ్లూరు జిల్లాలో ఉంది. ఎల్లలు మారినా బంధాలు తెగలేదు.

కార్వేటినగరం ఆస్థానంలో సారంగపాణి వేణుగోపాలుడి మీద పదాలు కట్టాడు. గోవిందసామయ్య వర్ణాలు రచించాడు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. శిస్తు రాబడి పోయాక అంతంత భవనాలకు మరమ్మతులు చేయించే స్తోమత ఎందరికుంటుంది? ఎన్నో దివాణాలు అలాగే పాడుపడ్డాయి. కార్వేటినగరంలో ఈనాటికీ వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి ఆ సంస్థానాన్ని గుర్తుచేస్తున్నాయి.

తిరుత్తణిలోనే 1888 సెప్టెంబర్ 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టారు. తండ్రి వీరాస్వామి జమీందారు కొలువులో రెవెన్యూ ఉద్యోగి. చాలీచాలని సంసారం. ఆ ఇంటి కుర్రాడు తిరుపతిలో, వేలూరులో, మద్రాసులో చదివి, 1962లో రాష్ట్రపతి అయ్యాడు. దివాణం చరిత్రలో కొలువుకూటానికి ఎంత చోటుందో, శిస్తు లెక్కలు రాసిన గదికీ అంతే చోటు ఉండాలని చెప్పడానికి ఇంతకుమించిన సాక్ష్యం అక్కర్లేదు. పల్లకీ అద్దాల గదిలో పెట్టినప్పుడు, దాన్ని మోసిన బోయీల ఊసు కూడా ఆ పక్కనే రాసి ఉండాలి.

భవనాన్ని బాగుచేసే తీరు కూడా ముఖ్యం. చంద్రగిరి రాజమహల్‌ను కలప వాడకుండా ఇటుక, రాయి, సున్నంతో కట్టారు. నేడది పురావస్తు శాఖ మ్యూజియం. గానుగ సున్నం పూసిన గోడ లోపలి చెమ్మను బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే చెమ్మ లోపలే నిలిచి, పూత పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతుంది. ఏసీ గదులు, కొత్త స్నానాల గదులు అమర్చే తొందరలో చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే. సున్నం పని తెలిసిన మేస్త్రీలు నానాటికీ తగ్గిపోతున్నారు. వారికి పని దొరికితేనే ఆ విద్య తర్వాతి తరానికి అందుతుంది.

తిరుత్తణి, కార్వేటినగరం, చంద్రగిరి మూడింటినీ కలిపి ఒక యాత్రగా చూపించే పని తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖలు చేపట్టాలి. బోర్డులు తమిళంలో, తెలుగులో ఉండాలి. అక్కడ నిలబెట్టగల పాత ఇల్లేదైనా ఉంటే బసగా మార్చి, ఆ ఊరివారికే కొలువులివ్వాలి. పాఠకులు చేయగలిగిందీ ఒకటుంది. ఈసారి ఏ దివాణం చూడబోయినా, రాజు పడుకున్న మంచం చూశాక, వంట ఎక్కడ చేసేవారో, లెక్కలు ఎక్కడ రాసేవారో అడగండి. అడిగేవాళ్లుంటేనే ఆ గదుల తాళాలు తీస్తారు.